మీ బండి – మీ ప్రశ్న: మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించినా టైరు ఎందుకు అరుగుతోంది?

జూలై నుంచి అక్టోబరు దాకా గుంతల్లో పడ్డ కార్లన్నీ నవంబరులో ఈ శీర్షికకు ఉత్తరాలు రాస్తాయి. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా టైర్ల గోలే. అందుకే ఇంజన్ ఆయిల్, బ్యాటరీ, ఏసీ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను. ఏసీ వాళ్ళు కోప్పడకండి, మార్చిలో మీదే రాజ్యం.

కొత్త పాఠకులకు ఒక్క మాట. నేను ఇంజనీరుని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా అలైన్‌మెంట్ గుంతలో, అంటే కారు కింద నిలబడి చక్రాల కోణాలు సరిచేసే గుంతలో నిలబడ్డవాణ్ణి. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు, నేను కుర్చీలో కూర్చుని ఉత్తరాలు చదువుతున్నాను.

ప్రశ్న: మాది ఐదేళ్ళ నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 14,000 కిలోమీటర్ల కిందట ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాను. ఇప్పుడు ఎడమ టైరు లోపలి అంచు గుండు అయిపోయింది, బయటి అంచు మాత్రం కొత్తదానిలా ఉంది. ఈలోగా మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. ప్రతిసారీ 'ఓకే మేడం' అన్నారు. మూడు కాగితాల ఫొటోలు జత చేస్తున్నాను. తప్పు టైరుదా, రోడ్డుదా, నా డ్రైవింగ్‌దా? పోయిన వర్షాకాలం రైల్వే గేటు దగ్గర ఒక గుంతలో గట్టిగా పడింది, అంతకుమించి ఏమీ జరగలేదు. – ఒక టీచరు, తాడేపల్లిగూడెం

జవాబు: టీచరు గారూ, మీ డ్రైవింగ్ తప్పు కాదు, టైరు తప్పూ కాదు. జవాబు మీరు పంపిన కాగితాల్లోనే ఉంది. ఇచ్చినవాళ్ళు చదవలేదు, అంతే. పిల్లల పేపర్లు మీరు ఇలా దిద్దితే హెడ్మాస్టరు ఊరుకుంటారా?

కాగితం ముందు పెట్టుకోండి. ఒక వరుస పనికి ముందు కొలతలు, ఇంకో వరుస పని అయ్యాక కొలతలు. 'టో' అని ఉన్నచోట మూడుసార్లూ ఎరుపు పోయి పచ్చ వచ్చింది. ఆ షాపు కుర్రాడు చూసింది అదొక్కటే. ఇప్పుడు 'క్యాంబర్' అన్న గడి చూడండి. ముందు కుడి చక్రం మైనస్ 20 నిమిషాలు (గడియారం నిమిషాలు కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం), ముందు ఎడమ చక్రం మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు. కాగితం మీదే అచ్చయిన హద్దు మైనస్ 1 నుంచి ప్లస్ 1 డిగ్రీ. అంటే ఎడమ గడి పనికి ముందూ ఎరుపే, తర్వాతా ఎరుపే. మూడు కాగితాల్లోనూ అంతే. ఒక్కరూ వేలు పెట్టి చూపించలేదు.

ఈ రెండు మాటలూ అర్థమైతే సగం మోసాలు మీ దగ్గర చెల్లవు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. మీరు నిలబడి పాదాల వైపు చూసుకోండి. కాలివేళ్ళు రెండూ ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే అది టో-ఇన్. బయటికి విచ్చుకుని ఉంటే టో-అవుట్. కారుని పైనుంచి చూస్తే చక్రాలు అలా కనబడతాయన్నమాట. క్యాంబర్ ఎదురుగా నిలబడి చూసేది. కాళ్ళు ఎడంగా చాపి నిలబడ్డ మనిషిలా చక్రాలు పైన దగ్గరగా, కింద దూరంగా ఉంటే మైనస్ క్యాంబర్. అప్పుడు బరువు లోపలి అంచు మీద పడుతుంది. మూడోది క్యాస్టర్. చిన్నప్పుడు చేతులు వదిలేసి సైకిల్ తొక్కిన ధైర్యం ఎక్కడిదనుకున్నారు? ముందు ఫోర్కు వాలుగా ఉండటం వల్ల కూడా చక్రం తనంత తాను తిన్నగా వచ్చేది. కారులో ఆ వాలే క్యాస్టర్. దానివల్ల టైరు అరుగుదల పెద్దగా రాదు కాబట్టి ఇవాళ్టికి వదిలేద్దాం.

టైరుని అన్నిటికన్నా త్వరగా తినేది టో. చిన్న లెక్క చెప్తాను, మీరు లెక్కల టీచరైతే నన్ను దిద్దండి. టైరు ఎత్తు సుమారు 600 మిల్లీమీటర్లు. రెండు ముందు చక్రాల మధ్య దూరం ముందువైపు, వెనకవైపు కొలిస్తే 3 మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకోండి. ఒక్కో చక్రం వాటా 1.5 మిల్లీమీటర్లు. 600కి 1.5 అంటే కారు మీటరు ముందుకు వెళ్తుంటే ఆ టైరు రెండున్నర మిల్లీమీటర్లు పక్కకి రుద్దుకుంటోందన్నమాట. వెయ్యి కిలోమీటర్లకు రెండున్నర కిలోమీటర్లు! తారు రోడ్డు మీద టైరుని అంత దూరం అడ్డంగా ఈడ్చుకెళ్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కంటికి ఆ మూడు మిల్లీమీటర్లు కనబడవు. చేతికి తెలుస్తాయి.

ఎలాగంటే, కారు ఆపి, టైరు మీద అరచేయి ఆనించి, బయటి అంచు నుంచి లోపలి అంచుకి అడ్డంగా నిమరండి. తర్వాత లోపలి నుంచి బయటికి నిమరండి. రెండు వైపులా ఒకేలా ఉంటే మంచిదే. ఒకవైపు నున్నగా జారి, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్ళలా గీరుకుంటే టో తప్పింది. లోపలికి నిమిరినప్పుడు నునుపు, బయటికి లాగినప్పుడు గరుకు అయితే టో-ఇన్ ఎక్కువ. దానికి వ్యతిరేకమైతే టో-అవుట్. మా మేస్త్రి కంప్యూటర్ లేని రోజుల్లో దారం, సుద్దముక్క, ఈ అరచేయి, ఈ మూడింటితో లారీలు సరిచేసేవాడు. దారం పోయింది, సుద్దముక్క పోయింది. అరచేయి మాత్రం నేను ఇంకా వాడుతూనే ఉన్నాను. నిమిరే ముందు టైరుకి మేకులు, గాజు ముక్కలు గుచ్చుకుని లేవని చూసుకోండి. నా ఎడమచేతి బొటనవేలికి రెండు కుట్లు అలా పడ్డవే.

సరే, మీ టైరు సంగతి. క్యాంబర్ అంత తప్పితే లోపలి అంచు అరుగుతుంది, నిజమే. కానీ 14,000కే గుండు కావడానికి అదొక్కటే చాలదని నా అనుమానం. యంత్రం మీద నిలబెట్టిన కారు వేరు, రోడ్డు మీద బ్రేకు తొక్కిన కారు వేరు. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కి కారు వైపు రెండు రబ్బరు బుష్‌లు ఉంటాయి. గుంతలో పడ్డప్పుడు ఆ రబ్బరు చిరిగిందనుకోండి. యంత్రం మీద కారు కదలదు కాబట్టి టో పచ్చగానే చూపిస్తుంది. రోడ్డు ఎక్కి బ్రేకు వేయగానే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, దాంతోపాటు టో కూడా జరుగుతుంది. బ్రేకు వదలగానే మళ్ళీ యథాస్థానం. రోజుకి వంద స్పీడ్ బ్రేకర్లు, వందసార్లు ఈ ఆట. కాగితం అబద్ధం చెప్పలేదు, నిలబడ్డ కారు గురించి నిజమే చెప్పింది.

కాబట్టి నాలుగోసారి అలైన్‌మెంట్‌కి వెళ్ళకండి. ముందు సస్పెన్షన్ తెలిసిన మెకానిక్ దగ్గర కారు లిఫ్ట్ ఎక్కించి, ఎడమ లోయర్ ఆర్మ్ బుష్‌ల దగ్గర లివర్ పెట్టి కదిపి చూడమనండి. రబ్బరు చిరిగి ఉంటే కంటికే కనబడుతుంది. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్‌లో ప్లే, అంటే వదులు ఉందో లేదో తెలుస్తుంది. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్ సంగతి తెలుస్తుంది. ఇవన్నీ బాగుండి, క్యాంబర్ మాత్రం అలాగే ఉంటే స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి ఉండే స్ట్రట్ గానీ, చక్రం బిగించే నకుల్ గానీ వంగి ఉంటుంది. కుడివైపు స్ట్రట్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దొరుకుతుంది. మీలాంటి చిన్న కార్లలో చాలావాటికి క్యాంబర్ సర్దే నట్టు అంటూ ఉండదు. స్ట్రట్‌ని నకుల్‌కి బిగించే రెండు బోల్టుల దగ్గర ఉండే ఆ కొద్దిపాటి సందే మనకి దక్కేది. 'క్యాంబర్ కూడా కొట్టేశాను మేడం' అని ఎవరైనా అంటే ఏ బోల్టు తిప్పావో చూపించమనండి. గొలుసు వేసి లాగి స్ట్రట్ వంచుతానంటే మాత్రం తాళాలు తీసుకుని వచ్చేయండి.

భాగాలు మార్చాక, నాలుగు టైర్లలో గాలి సరిచేశాక, అప్పుడు అలైన్‌మెంట్. పని అయ్యాక రెండు ముందు చక్రాల క్యాంబర్ ఎంతెంతో మీరే గట్టిగా చదివి వినిపించండి. టీచర్లకి ఎలాగూ అలవాటే. ఎడమ టైరు తీగలు కనబడేదాకా ఆగకుండా మార్చేయండి. ఆ టైరు సగం వెడల్పుతోనే రోడ్డుని పట్టుకుంటోంది.

ప్రశ్న: హైవే మీద 90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. అలైన్‌మెంట్ చేయించాను, తగ్గలేదు. – క్యాబ్ డ్రైవర్, విశాఖపట్నం

జవాబు: తగ్గదు. వణుకుడికి అలైన్‌మెంట్ మందు కాదు, మీకు కావలసింది బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమం చేయడం. ఒక చక్రం మీద 20 గ్రాములు ఎక్కువ తక్కువైతే, గంటకు వంద కిలోమీటర్ల వేగంలో అది సెకనుకి దాదాపు 15 సార్లు, సుమారు మూడు కిలోల బరువంత బలంతో చక్రాన్ని కుదుపుతుంది. ఇరవై గ్రాములంటే ఎంతో కాదు, రిమ్ లోపల ఎండి అతుక్కున్న బురద చాలు. ముందు రిమ్ములు లోపలివైపు కడిగించండి, ఆ తర్వాతే బ్యాలెన్సింగ్. తిప్పేటప్పుడు రిమ్ అంచు మీద కన్నేసి ఉంచండి. అంచు ఊగుతుంటే రిమ్ వంగినట్టే. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే ఇదంతా వదిలేసి బ్రేకు డిస్కులు చూపించుకోండి.

ప్రశ్న: స్టీరింగ్ వదిలితే కారు ఎడమకి వెళ్తోంది. షాపులో 'రోడ్డు వాలు సార్' అంటున్నారు. నమ్మాలా? – ఉద్యోగి, హనుమకొండ

జవాబు: కొంత నమ్మొచ్చు. వాన నీళ్ళు పోవడానికి రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. మనం ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి వదిలేస్తే కారు నెమ్మదిగా ఎడమకి జారుతుంది. అది సహజం. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కుడి లేన్‌లోకి వెళ్ళి చూడండి. అక్కడ రోడ్డు దాదాపు సమంగా ఉన్నా అదే జోరున ఎడమకి లాగేస్తుంటే రోడ్డు మీద నెపం పెట్టడానికి లేదు.

అప్పుడు ముందు గాలి చూడండి. ఎడమ టైరులో ఐదారు పాయింట్లు తక్కువైనా లాగుతుంది. గాలి సమంగా ఉంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చండి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం మార్చొద్దు. మార్చాక కారు కుడికి లాగితే దోషం టైరులోనే ఉంది. ఇంకా ఎడమకే లాగితే అప్పుడు అలైన్‌మెంట్ దగ్గరికి వెళ్ళి క్యాంబర్, క్యాస్టర్ రెండు వైపులా ఎంత తేడా ఉన్నాయో చూడాలి. ఒక పది కిలోమీటర్లు నడిపి దిగి, ముందు రిమ్ముల దగ్గర చేయి పెట్టి వేడి కూడా పోల్చండి. ముట్టుకోకుండా దగ్గర పెడితే చాలు. ఎడమది సెగలు కక్కుతుంటే బ్రేకు పట్టేసి ఉందని అర్థం.

ఇంకో సంగతి. కారు తిన్నగానే పోతోంది గానీ స్టీరింగ్ వంకరగా ఉందని ఇంకొందరు రాశారు. అది వేరే జబ్బు. స్టీరింగ్ తిన్నగా పెట్టి లాక్ చేసి రెండు టై రాడ్లూ సమంగా తిప్పాల్సిన చోట, తుప్పు పట్టని నట్టు ఏదో చూసి ఆ ఒక్కవైపే తిప్పేశారు. టో లెక్క కుదిరింది, స్టీరింగ్ వంకరపోయింది. వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చేయించుకోండి, డబ్బులివ్వక్కర్లేదు.

ప్రశ్న: నాకు రొయ్యల చెరువులున్నాయి. మేత బస్తాలు కారులోనే వేసుకెళ్తాను, 25 కిలోలవి ఎనిమిది దాకా. వెనక టైర్లు రెండు అంచులూ అరిగి నడుమ మాత్రం బాగున్నాయి. వెనక అలైన్‌మెంట్ చేయించమంటున్నారు. – ఆక్వా రైతు, భీమవరం

జవాబు: చేయించకండి. రెండు అంచులూ సమానంగా అరిగి నడుమ మిగిలిందంటే గాలి తక్కువైంది. నడుమ అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువైంది. దీన్ని అరచేత్తో చూడక్కర్లేదు, చెరువు గట్టు మీద నిలబడే చెప్పొచ్చు. పైగా చాలా చిన్న కార్లకి వెనక చక్రాలు రెండూ ఒకే దూలానికి బిగించి ఉంటాయి, అక్కడ తిప్పడానికి నట్టే ఉండదు. లేని నట్టు తిప్పడానికి డబ్బులు తీసుకునే మహానుభావులు మా వీధిలోనూ ఉన్నారు.

మీరు వేసుకెళ్ళేది రెండు వందల కిలోలు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. అందులో ఇద్దరు మనుషులకి ఒక లెక్క, నిండు బరువుకి ఇంకో లెక్క ఉంటాయి. వెనక టైర్లకి ఆ రెండో లెక్కే మీది. పెట్రోలు బంకులో కుర్రాడు 'ఎంత సార్, ముప్పయ్యా?' అంటే తల ఊపేయకండి. గాలి పొద్దున్నే, కారు కదలకముందు చూడాలి. ఎండలో నడిపి వచ్చాక టైరు వేడికి లెక్క నాలుగైదు పాయింట్లు పెరిగి కనబడుతుంది. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. మీకు జరుగుతున్నది బహుశా ఇదే. సొంతంగా చిన్న గేజి ఒకటి కొనుక్కుని డాష్‌బోర్డులో పడేసుకోండి. బస్తాలు డిక్కీలో ఎంత ముందుకి, సీటుకి ఆనించి పెడితే అంత మంచిది. అన్నీ తలుపు దగ్గరే పేరిస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

ప్రశ్న: రెండు టైర్లకే డబ్బులున్నాయి. కొత్తవి ముందు వేయించాలా, వెనకా? – ఒక విద్యార్థి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: వెనక. ఈ మాట చెప్పినందుకు మా షాపులోనే నాతో పోట్లాడి వెళ్ళినవాళ్ళున్నారు. 'ఇంజను ముందు, స్టీరింగ్ ముందు, బ్రేకు బలం ముందు, కొత్త టైరు వెనకా?' అని. కానీ వాన నీళ్ళలో వేగంగా వెళ్తూ మలుపు తిరిగినప్పుడు ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది. కాలు యాక్సిలరేటరు మీంచి తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని పట్టుకునే నేర్పు నాకూ లేదు, మీకూ ఉండదు. అందుకే గాడులు లోతుగా ఉన్నవి వెనక ఉండాలి. అలాగని ముందు గుండు టైర్లు ఉంచుకోమని కాదు. గాడిలో అడ్డంగా చిన్న గట్లు కనబడతాయి, అంచున త్రికోణం గుర్తు గానీ టీడబ్ల్యూఐ అన్న అక్షరాలు గానీ వాటి చోటు చూపిస్తాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, చట్టం ప్రకారం కూడా అదే హద్దు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి అసలు మందు టైర్లు మార్చి మార్చి వాడటం. ముందు చక్రాలు లాగే కారైతే, ప్రతి ఏడెనిమిది వేల కిలోమీటర్లకి ముందువి ఉన్న పక్కనే వెనక్కి, వెనకవి అడ్డంగా మారి ముందుకి. నాలుగూ దగ్గర దగ్గరగా ఒకేసారి అరుగుతాయి.

ప్రశ్న: మేము అమెరికాలో మిషిగన్‌లో ఉంటాం. ఎలక్ట్రిక్ కారు. వెనక టైర్ల లోపలి అంచులు 18,000 మైళ్ళకే పోయాయి. మీరు పోయిన ఏడాది రాసినట్టు వెనక సర్దేదేమీ ఉండదు కదా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను రాసింది ఇక్కడి చిన్న కార్ల గురించి. మీ కారుకి వెనక చక్రాలు దేనికది విడిగా, నాలుగైదు లింకులతో బిగించి ఉంటాయి. టో తప్పకుండా సర్దొచ్చు, కొన్నింటిలో క్యాంబర్ కూడా. ఇలాంటి కార్లలో మలుపుల్లో పట్టు కోసం వెనక మైనస్ క్యాంబర్ కంపెనీవాళ్ళే కొంత పెడతారు. దానికి టో తప్పు కూడా తోడైతే లోపలి అంచు మీద ఇద్దరూ కలిసి పడతారు. బ్యాటరీ బరువు, కాలు పెట్టగానే మోటారు లాగే లాగుడు వేరే ఉన్నాయి. మీ దగ్గర చలికాలం నీరు రోడ్డు పగుళ్ళలో గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి వసంతానికి గుంతలు తేలతాయి కదా. మంచు పోయాక ఒకసారి నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి, వెనక టో అంకె అడిగి తెలుసుకోండి.

టైరు లోతు చూడటానికి అక్కడ ఒక సెంటు నాణెం వాడతారు. లింకన్ తల కిందికి ఉండేలా గాడిలో దూర్చితే, తల మొత్తం కనబడితే టైరు అయిపోయినట్టు. అది అంగుళంలో 32వ వంతులు రెండు, అంటే మన 1.6 మిల్లీమీటర్లే. కాకపోతే అందరూ నడుమ గాడిలో పెట్టి చూసి ఊరుకుంటారు. మీరు లోపలి గాడిలో పెట్టండి. ముందూ వెనకా టైర్లు ఒకే సైజైతే మార్చి వాడుకోవచ్చు, వెనకవి వెడల్పు ఎక్కువైతే ఆ దారి లేదు.

ప్రశ్న: వెనకనుంచి 'ఊఁ' అని మోత. బేరింగ్ పోయిందని మార్చారు, మోత అలాగే ఉంది. – కరీంనగర్

జవాబు: మార్చేముందు టైరు తడిమి ఉంటే బేరింగ్ ఖర్చు మిగిలేది. టైరు చుట్టూ చేయి పోనిస్తే జానెడు జానెడు దూరంలో గుంటలు తగులుతున్నాయా? షాకబ్జార్బర్ పట్టు పోతే చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ అలా కొరుక్కుంటుంది. వెనక టైర్లు ముందుకి మార్చి నడపండి. మోత ముందుకొస్తే టైరుదే. కొత్త టైర్లు వేసేముందు షాకులు చూపించుకోండి, లేకపోతే ఆరు నెలల్లో ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు.

ప్రశ్న: నైట్రోజన్ గాలి కొట్టిస్తే టైరు సమంగా అరుగుతుందా? – ఏలూరు

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకోసారి గేజి పెట్టి చూసేవాడికి అది చాలు. చూడనివాడికి వంద శాతం కొట్టించినా ఒకటే.

ప్రశ్న: మాకు ఇన్ని చెప్తారు కదా, మీ సొంత కారుకి ఎన్ని వేల కిలోమీటర్లకి అలైన్‌మెంట్ చేయిస్తారు? నిజం చెప్పండి. – ఒక చిలిపి పాఠకుడు, గుంటూరు

జవాబు: నిజం కావాలా? చెప్తాను. లెక్క ప్రకారం ఏడాదికోసారి లేదా 10,000 కిలోమీటర్లకోసారి. గుంతలో గట్టిగా పడ్డా, స్టీరింగ్, సస్పెన్షన్‌లో ఏ భాగం మార్చినా వెంటనే. ఐదు వేలకోసారి రమ్మనే బోర్డు నాలాంటి షాపులవాళ్ళ బతుకుతెరువు కోసం.

నేను చేసింది వేరు. కొన్నేళ్ళ కిందట నా కారుకి కుడి టై రాడ్ ఎండ్ నేనే మార్చుకున్నాను. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్ని చుట్లే బిగించాను. 'దగ్గర దగ్గరగా వచ్చుంటుంది, రేపు పొద్దున యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కిద్దాం' అనుకున్నాను. యంత్రం నాదే, గుంత నాదే. ఆ రేపు నాలుగు వేల కిలోమీటర్లు రాలేదు.

శ్రీశైలం బయల్దేరాం, మా ఆవిడా నేనూ. ఘాట్ ఎక్కేముందు దోర్నాలలో టీ కోసం ఆగాం. రోజూ ఇంటి దగ్గర చక్రాలు తిన్నగా పెట్టి ఆపుతాను, కాబట్టి టైరు లోపలి అంచు నా కంటపడే అవకాశమే లేదు. ఆ రోజు చోటు చాలక స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి ఆపాను. మా ఆవిడ గ్లాసు పట్టుకుని కారు పక్కన నిలబడి, 'ఏమండీ, మీ టైరుకి లోపలవైపు ఏదో గడ్డి చిక్కుకుంది చూడండి' అంది. వంగి చూస్తే గడ్డి కాదు, ఉక్కు తీగలు. రెండో పక్కదీ ఇంచుమించు అదే వాటం. టో-అవుట్. టీ కొట్టు ముందు, పది మంది చూస్తుండగా, ముప్పై ఏళ్ళ అనుభవం గొంతుక్కూర్చుంది.

స్టెప్నీ తీద్దామంటే దాని గాలి సగానికి సగం లేదు. పక్క మీద డీఓటీ అంకె చివర 2209 అని ఉంది, అంటే 2009వ సంవత్సరం 22వ వారంలో తయారైంది. కారు మొదటి యజమాని కూడా దాన్ని వాడినట్టు లేదు. దానికే గాలి కొట్టించుకుని, ఘాట్ ఎక్కకుండా, నలభై దాటకుండా మార్కాపురం వచ్చి రెండు టైర్లు కొనుక్కున్నాను. అక్కడ అలైన్‌మెంట్ చేసిన కుర్రాడు కాగితం చేతికిచ్చి, 'ఈసారి ఆలస్యం చేయకండి బాబాయ్, టైర్లు పాడైపోతాయి' అని చెప్పాడు. నేనేం పని చేస్తానో చెప్పలేదు.

మల్లన్న దర్శనం మర్నాటికి దొరికింది. అప్పటినుంచి ఊరికి బయల్దేరేముందు స్టీరింగ్ ఒకసారి అటూ, ఒకసారి ఇటూ పూర్తిగా తిప్పి, దిగి టార్చి వేసి చూస్తాను. మర్చిపోతే మా ఆవిడ సీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ అడుగుతుంది, 'గడ్డి చూశారా?' అని.